స్పీడ్ బాగానే ఉన్నా వీడియో కాల్ తెగిపోతోందా? లోపం ఎక్కడో ఇలా తెలుసుకోండి

స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది. కానీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మాత్రం మీ మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తోంది. దీనికి తరచూ కారణం ‘ప్యాకెట్ లాస్’.

అసలేంటిది?
ఇంటర్నెట్‌లో డేటా చిన్నచిన్న ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. దారిలో కొన్ని పోతే డౌన్‌లోడ్‌కు మళ్లీ పంపుతారు. కాబట్టి తేడా పెద్దగా తెలియదు. లైవ్ కాల్‌కు అంత వ్యవధి ఉండదు. అందుకే మాట తెగుతుంది, బొమ్మ ఆగుతుంది.

ఎలా పరీక్షించాలి?
ముందు డౌన్‌లోడ్లు, టీవీలో వీడియోలు ఆపేయండి. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లిష్‌లో పింగ్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి రూటర్ అడ్రస్ ఇవ్వండి. చాలా ఇళ్లలో ఇది 192.168.1.1. లేదంటే రూటర్ అడుగున స్టిక్కర్‌పై చూడండి. చివర స్పేస్, హైఫన్, టీ చేర్చి ఎంటర్ నొక్కండి. రెండు మూడు నిమిషాల తర్వాత కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఎంత శాతం పోయిందో కనిపిస్తుంది. తర్వాత 8.8.8.8 అడ్రస్‌తో ఇదే చేయండి. ఇది గూగుల్ సర్వర్.

ఫలితం ఏం చెబుతుంది?
* రూటర్ దగ్గరే ప్యాకెట్లు పోతుంటే లోపం మీ ఇంట్లోనే. ల్యాన్ కేబుల్ పెట్టి మళ్లీ చూడండి. అప్పుడు సున్నా వస్తే తప్పు వైఫైది. రూటర్‌కు దగ్గరగా కూర్చోండి, 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. మైక్రోవేవ్ ఓవెన్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డొస్తుంది.
* కేబుల్‌తోనూ పోతుంటే కేబుల్, పోర్టు మార్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే రూటర్‌ను అనుమానించాలి.
* రూటర్ వరకు సున్నా, 8.8.8.8కు కేబుల్‌పైనా పోతుంటే ఫైబర్ వైరు ఎక్కడైనా బాగా వంగిందేమో చూడండి. లేకుంటే లోపం చాలావరకు కంపెనీ వైపుదే. సాయంత్రాలే ఇలా జరిగితే లైన్‌పై రద్దీ కారణం కావచ్చు.

ఫిర్యాదు ఎలా?
వేర్వేరు వేళల్లో స్క్రీన్‌షాట్లు తీసి కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేయండి. డాకెట్ నంబరు తప్పక తీసుకోండి. సమస్య తీరకపోతే అదే కంపెనీలోని అప్పీలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా అప్పీలు చేయొచ్చు. దీనికి రుసుము లేదు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను నేరుగా పరిష్కరించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయొచ్చు.