విద్యుత్ తీగలపై మందగతి సమాచార ప్రసారం: గణనభారాన్ని తగ్గించిన పద్ధతుల పరిణామం

ఉపోద్ఘాతం:
ఇంటికి విద్యుత్తును తెచ్చే తీగనే సందేశవాహికగా వాడుకోవడం పవర్‌లైన్ కమ్యూనికేషన్. దీని చరిత్రను వేగం పెరిగిన క్రమంగా చెప్పడం పరిపాటి. కానీ మీటరు రీడింగుకూ, దీపం ఆర్పే ఆజ్ఞకూ వేగం ప్రధానం కాదు. రొద నిండిన తీగపై, చవకైన చిప్పుతో సందేశాన్ని గుర్తించడమే అసలు సమస్య. అందువల్ల ఈ చరిత్రను గణనభారం తగ్గిన క్రమంగా పరిశీలించడం సమంజసం.

1. తీగే గడియారం:
స్కాట్లాండులోని పికో ఎలక్ట్రానిక్స్ సంస్థ 1975లో ఎక్స్-10 రూపకల్పన చేపట్టింది. 60 హెర్ట్జ్ విద్యుత్తు సెకనుకు 120 సార్లు శూన్యాన్ని దాటుతుంది. ఆ క్షణాన 120 కిలోహెర్ట్జ్ స్పందన ఒక మిల్లీసెకను పాటు ఉంటే 1, లేకుంటే 0. వెంటనే వచ్చే అర్ధావృత్తంలో దాని విలోమాన్ని పంపుతారు. పంపే పరికరానికీ, అందుకునే పరికరానికీ కాలాన్ని తీగే చెబుతుంది కనుక కాలనిర్ణయానికి వేరే గణన అవసరం లేదు. అయితే చిరునామా, ఆజ్ఞ కలిసిన పూర్తి సందేశానికి 47 ఆవృత్తాలు, అంటే సుమారు 0.8 సెకన్లు పట్టేది. పైగా మౌలిక పరికరాలు సందేశం అందినట్టు బదులు చెప్పవు. గణనలో మిగిలినది కాలంలోనూ, నమ్మకంలోనూ ఖర్చయింది.

2. రెండు స్వరాల లెక్క:
ఐరోపాలో ఈఎన్ 50065-1 ప్రమాణం 3 నుండి 148.5 కిలోహెర్ట్జ్ వరకు గల పట్టీని ఈ ప్రసారాలకు నిర్దేశించింది. మీటర్ల కోసం వచ్చిన ఎస్-ఎఫ్ఎస్‌కే పద్ధతిలో 0, 1లకు దూరదూరంగా ఉన్న రెండు పౌనఃపున్యాలు ఉంటాయి. ఒకటి రొదలో మునిగినా రెండోదాని ఉనికిని బట్టి బిట్టును నిర్ణయించవచ్చు. ఇక్కడ 1958 నాటి గోర్ట్‌జెల్ అల్గారిథమ్ సరిగ్గా ఒదుగుతుంది. 512 నమూనాల నుండి అన్ని పౌనఃపున్యాలనూ రాబట్టే వేగ ఫూరియే పరివర్తనకు 2304 సంకీర్ణ గుణకారాలు కావాలి. రెండు పౌనఃపున్యాలే చాలనుకుంటే గోర్ట్‌జెల్ పద్ధతికి సుమారు 1024 వాస్తవ గుణకారాలు సరిపోతాయి. ఒక్కో సంకీర్ణ గుణకారంలో నాలుగు వాస్తవ గుణకారాలున్నాయని గమనిస్తే ఈ పొదుపు విలువ తెలుస్తుంది. అంతేకాక, నమూనాలన్నిటినీ జ్ఞాపకంలో దాచనక్కరలేదు. వచ్చిన నమూనాను వచ్చినట్టే లెక్కలో కలుపుకోవచ్చు.

3. భేదాత్మక సంకేతనం:
ప్రైమ్, జీ3 ప్రమాణాలు అనేక ఉపవాహకాలను వాడి ఫూరియే పరివర్తనను తప్పనిసరి చేశాయి. అయినా పొదుపు సూత్రాన్ని విడవలేదు. ప్రైమ్‌లో దశను పొరుగు ఉపవాహకంతోనూ, జీ3 భేదాత్మక రీతిలో అదే ఉపవాహకంపై వచ్చిన మునుపటి సంకేతంతోనూ పోలుస్తారు. దశలోని తేడాయే సమాచారం కనుక తీగ గుణాన్ని పూర్తిగా అంచనా కట్టే బరువు తప్పుతుంది. ఇందుకు ప్రతిగా రొదను తట్టుకునే శక్తి కొంత తగ్గుతుంది.

ముగింపు:
ఈ మూడు దశల్లోనూ గణనభారం మాయం కాలేదు, చోటు మారింది. మొదట కాలానికి, తరువాత పౌనఃపున్యాల ఎంపికకు, ఆపై రొదను తట్టుకునే శక్తికి ఆ మూల్యం బదిలీ అయింది. కనుక ఒక పద్ధతి ఎంత తేలికైనదో చెప్పేటప్పుడు, దాని బరువును ఎవరు మోస్తున్నారో కూడా చెప్పినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.