పదహారు మెట్లు

మారిషస్ వెళ్లొచ్చినవాళ్లెవరైనా చూపించే ఫోటోలు సముద్రానివే! నీలం నీళ్లూ, తెల్లటి ఇసుకా. నన్నడిగితే మాత్రం ముందు పోర్ట్ లూయీ రేవులోని ఆ పదహారు రాతిమెట్లు చూడమంటాను.

1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. మరి చెరుకు నరికేదెవరు? అంతకు ముందేడే మన దేశం నుంచి ఒప్పందం కూలీలను ఓడలెక్కించడం మొదలైంది. తర్వాత సుమారు 4,50,000 మంది ఆ రేవులో దిగారు. కోరంగి నుంచి మనవాళ్లూ వెళ్లారు. ఒక్కరోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారట! ఒళ్లు వెచ్చబడినా, చంటిపిల్ల ఏడ్చినా ఆ తల్లులు ఎలా నెట్టుకొచ్చారో! ఆ రేవు 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది.

ఇప్పుడు ఇళ్లల్లో మాట్లాడుకునేది క్రియోల్. అయితేనేం, దీపం చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ రామభజన చేస్తారు. ఉగాదికి దేశమంతటా సెలవు.

అన్నట్టు, తిండి సంగతి మరిచాను. వీధుల్లో ధోల్ పూరీ అమ్ముతారు. బీహారు కూలీలతో వెళ్లిన వంటకం అది. ఉడికించి పొడిచేసిన పప్పు కూరి, పల్చగా ఒత్తి కాలుస్తారు. బెల్లం వెయ్యని బొబ్బట్టనుకోండి. కూరా పచ్చడీ పెట్టి, జతగా చుట్టి ఇస్తారు.