గుమ్మం దాటని పాప్‌కార్న్ ఉండ

మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్ళో డౌన్‌టౌన్‌కి దగ్గరగా పాత ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ భవనాలు ఉన్నాయి. ఇప్పుడు వాటిలో ఆఫీసులూ అపార్ట్‌మెంట్లూ వెలిశాయి. పక్కూరు యాష్‌లాండ్‌లో 1990లో లక్ష్మీదేవి గుడి ప్రతిష్ఠ జరిగింది. ఈ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో శుక్రవారం గుడికి పోతూ ఈ భవనాలని చూడనివాళ్ళు తక్కువ. అక్టోబరులో హాలోవీన్ వచ్చిందంటే అమెరికా ఇళ్ళ ముందు వేలాడే కాగితపు నల్లపిల్లులూ గబ్బిలాలూ ఒకప్పుడు వీటి కప్పుల కింద అచ్చయ్యి దేశమంతా పాకాయని మాత్రం చాలామందికి తెలియదు.

ఏటా అక్టోబరులో మా వీధి పిల్లలని కూర్చోబెట్టి కత్తెరా జిగురూ చేతికివ్వడం నా అలవాటు. పిల్లలు కత్తిరించిన గబ్బిలాన్ని వాళ్ళ అమ్మలు మురిసిపోయి కిటికీకి అంటిస్తారు. అదే పండగ రాత్రి తాయిలాల కోసం ఇల్లిల్లూ తిరిగే ఆ పిల్లల సంచీలో నేను నా చేత్తో కట్టిన పాప్‌కార్న్ ఉండ వేస్తే, ఇల్లు చేరగానే ఆ అమ్మలే చెత్తబుట్టలో పడేస్తారు. అందులో వాళ్ళ తప్పేం లేదు. అందరూ చేసే పనే అది. ఒకే పండగలో చేతిపని ఒకటి గోడెక్కింది, ఇంకొకటి గుమ్మం దాటలేకపోయింది. ఎందుకిలా జరిగిందో వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన కథ ఇది.

హాలోవీన్ అంటే నవంబరు 1న వచ్చే సకల పునీతుల పండుగకి ముందురోజు రాత్రి. ఆ పండుగ మర్నాడు, నవంబరు 2న, మన తెలుగు క్రైస్తవులు సమాధుల పండుగ చేసుకుని గోరీల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఐర్లండ్‌లో హాలోవీన్ రాత్రి ప్రధానంగా ఇంటి పండగ. బార్మ్‌బ్రాక్ అనే ఎండుద్రాక్ష రొట్టెలో ఒక ఉంగరం, ఒక నాణెం, ఒక గుడ్డపీలిక దాచి కాల్చేవారు. ఎవరి ముక్కలో ఉంగరం వస్తే వాళ్ళకి ఆ ఏడు పెళ్ళి, నాణెం వస్తే డబ్బు, పీలిక వస్తే లేమి. దారంతో వేలాడదీసిన ఆపిల్‌ని చేతులు వెనక్కి పెట్టుకుని నోటితో అందుకోవడం ఒక ఆట. చిత్రకారుడు డేనియల్ మెక్లీస్ 1833లో ఆ సందడినంతా ఒక పెద్ద చిత్రంలోకి ఎక్కించాడు. ఇక దీపం సంగతి. టర్నిప్ దుంపని తొలిచి, కళ్ళూ పళ్ళూ చెక్కి, లోపల కొవ్వొత్తి ముక్క పెట్టేవారు. మేయో జిల్లాలోని గ్రామీణ జీవన మ్యూజియంలో అలాంటి టర్నిప్ దీపం ఒకదాని అచ్చు ఉంది. దాన్ని చూశాక ఇప్పటి గుమ్మడికాయ నవ్వుముఖం ఎవరికైనా పసిపిల్లలా కనిపిస్తుంది.

1845 తరవాత బంగాళాదుంప పంటకి తెగులు పట్టి, కరువొచ్చి, లక్షల మంది ఐరిష్ వాళ్ళు ఓడలెక్కి అమెరికా చేరారు. ఇక్కడ వాళ్ళకి గుమ్మడికాయ దొరికింది. ఈ నేలలోనే పుట్టిన కాయ. పెద్దది, లోపల బోలుగా ఉంటుంది. టర్నిప్‌ని తొలవాలంటే మణికట్టు నొప్పెడుతుంది, గుమ్మడికాయలో గుజ్జు గరిటెతో గీరితే వచ్చేస్తుంది. అలా దీపం దుంప నుంచి కాయలోకి మారింది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి హాలోవీన్ అమెరికా మధ్యతరగతి ఇళ్ళలో పార్టీగా స్థిరపడింది. ముందు పెళ్ళీడు వాళ్ళకి, తరవాత పిల్లలకి. ఆడవాళ్ళ పత్రికలు ఏం వండాలో, ఇల్లెలా ముస్తాబు చెయ్యాలో రాసేవి. ఆపిల్ తొక్కని తెగకుండా ఒలిచి భుజం మీదుగా వెనక్కి విసిరితే, అది నేల మీద ఏ అక్షరంలా పడితే ఆ అక్షరంతో పేరు మొదలయ్యే మొగుడొస్తాడని నమ్మకం. ఈ ఆచారాలన్నిటినీ కూడగట్టి లిన్ ఊరి లైబ్రేరియన్ రూత్ ఎడ్నా కెల్లీ 1919లో ఒక పుస్తకమే రాసింది. లిన్ కూడా మసాచుసెట్స్‌లోదే.

మా ఫ్రేమింగ్‌హామ్ ఇటుకల భవనాలు కథలోకి వచ్చేది ఇక్కడే. అవి డెనిసన్ కంపెనీవి. ఆ కంపెనీ 1844లో మెయిన్ రాష్ట్రంలో నగలు పెట్టే అట్ట డబ్బాలు చేస్తూ మొదలైంది. సరుకు మూటలకి కట్టే చీటీలతో పెద్దదైంది. చీటీకి తాడు కట్టే చిల్లు చిరిగిపోకుండా చుట్టూ గట్టి కాగితం బిళ్ళ అతికించే ఉపాయం 1863లో కనిపెట్టింది వాళ్ళే. 1890ల చివర్లో ఫ్రేమింగ్‌హామ్‌కి మారారు. అప్పటికే వాళ్ళ చేతిలో క్రేప్ కాగితం ఉంది. ముడతలు పడి, లాగితే సాగే ఈ కాగితాన్ని అంచులు లాగి పువ్వు చెయ్యొచ్చు, మెలితిప్పి తోరణం కట్టొచ్చు, కుచ్చిళ్ళు పెట్టి పిల్లకి గౌను కుట్టొచ్చు. కాగితమైతే ఉంది గానీ దాంతో ఏం చెయ్యాలో ఇల్లాళ్ళకి తెలియాలి కదా! అందుకని 1909లో బోగీ బుక్ అనే చిన్న పుస్తకం వేశారు. 1912 నుంచి 1930ల నడిమి దాకా దాదాపు ఏటా వచ్చింది. గది మూలకి మంత్రగత్తెని ఎలా నిలబెట్టాలి, బల్ల మధ్యలో ఏం పెట్టాలి, ఏ ఆట ఆడించాలి, దానికి ఏ నంబరు కాగితం ఎన్ని చుట్టలు కొనాలి, అన్నీ అందులోనే. బోస్టన్, న్యూయార్క్ లాంటి నగరాల్లోని తమ దుకాణాల్లో కాగితం పని నేర్పడానికి మనుషుల్ని కూడా పెట్టారు.

ఆ పాత పుస్తకాల బొమ్మలు చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. ఇంటి పనితనం, అమ్మమ్మల నాటి ఆచారం అనుకునే నారింజా నలుపూ ముస్తాబులో సగం ఒక కాగితం కంపెనీ అమ్మకాల చాకచక్యం. అయినా అది మోసం కాదు. కంపెనీ కాగితం అమ్మింది, కత్తెర పట్టుకున్నది మాత్రం ఇంట్లోవాళ్ళే. పెన్సిల్వేనియాలో బీస్టిల్ అనే ఇంకో కంపెనీ 1920లలో రంగంలోకి దిగింది. మడిచి ఉన్న పల్చటి కాగితాన్ని విప్పితే తేనెపట్టులా గుండ్రంగా విచ్చుకునే గుమ్మడికాయలు చేసింది. దాంతో కత్తెర పని కొంత తగ్గింది. విప్పి వేలాడదియ్యడం మాత్రం పిల్లల వాటాకే మిగిలింది.

తిండి వైపు కూడా అప్పటికి వంటింటిదే రాజ్యం. పాప్‌కార్న్ ఉండ చేసే తీరు ఇదీ: పంచదారా, మొక్కజొన్న సిరప్పూ, కాస్త వెనిగరూ కలిపి పొయ్యి మీద పెడతారు. చన్నీళ్ళలో చుక్క వేస్తే గట్టి ఉండ కట్టేదాకా పాకం పట్టి, వేయించిన పేలాల మీద పొయ్యాలి. చేతులకి వెన్న రాసుకుని వేడి తగ్గకముందే ఉండలు చుట్టెయ్యాలి. ఆలస్యమైతే పాకం బిగుసుకుని పేలాలు విడిపోతాయి. అంతకుముందు మొలాసిస్ వాడేవారు. 1902లో కారో అనే మొక్కజొన్న సిరప్ బజారుకొచ్చాక పాకం తేలికైంది. ఉండని మైనపు కాగితంలో చుట్టి రెండు కొసలూ మెలితిప్పితే చాలు. మూడు రంగుల క్యాండీ కార్న్ మాత్రం మొదటినుంచీ ఫ్యాక్టరీ సరుకే. 1880లలో ఫిలడెల్ఫియాలో పుట్టింది. పనివాళ్ళు వేడి పాకం బకెట్లు పట్టుకుని వెనక్కి నడుస్తూ, పిండి అచ్చుల్లో ఒక్కో రంగూ విడిగా, మూడు దఫాలుగా పోసేవారు. అప్పట్లో దాన్ని కోడిమేత అనే పేరుతో అమ్మారు. హాలోవీన్‌తో దాని జత కుదిరింది చాలా కాలానికి.

పిల్లలు ఇల్లిల్లూ తిరగడం ఎలా మొదలైందంటే, అల్లరిని కొనెయ్యడానికి. ఆ రాత్రి కుర్రాళ్ళు గేట్లు పీక్కుపోయేవారు, కిటికీ అద్దాలకి సబ్బు పూసేవారు, ఆవుల్ని ఊరి వీధుల్లోకి తోలేవారు. మినెసోటాలోని అనోకా ఊరివాళ్ళు 1920లో దీనికి విరుగుడుగా ఊరేగింపు పెట్టారు. 1930లలో ఆర్థిక మాంద్యంతో అల్లరి ముదిరి విధ్వంసంలోకి దిగింది. తలుపు తట్టిన పిల్లాడికి తినడానికేదైనా పెడితే వాడు సబ్బు జోలికి పోడన్న లెక్క అప్పుడు బలపడింది. 1942లో యుద్ధం వల్ల పంచదారకి రేషన్ వచ్చింది. 1947లో అది ఎత్తేశాక పండగ మళ్ళీ వీధెక్కింది. కొత్త కాలనీలు, ఇంటింటా పిల్లలు. అప్పటి సంచుల్లో బిస్కట్లు, పాప్‌కార్న్ ఉండలు, ఆపిల్ పళ్ళు, గింజలు, చిల్లర నాణేలు అన్నీ కలిసే పడేవి. ఎవరింటి ఉండ బాగుంటుందో పిల్లలకి కంఠతా వచ్చు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు మా తాతగారు గుర్తొస్తారు. ఆయన తెనాలి దగ్గర వీధిబడి పంతులు. దసరా వచ్చిందంటే పిల్లల చేతికి రంగు కాగితాలంటించిన విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇల్లిల్లూ తిప్పేవారు. పంతులుగారికి కానుక, పిల్లల దోసిళ్ళలో పప్పుబెల్లాలు. పుట్నాలపప్పూ బెల్లంముక్కా విడివిడిగా, పొట్లం కూడా కట్టకుండా పోసేవారు. ఎవరి చెయ్యి పోసిందో ఊరంతటికీ తెలుసు కాబట్టి పొట్లం అవసరం రాలేదు.

అమెరికాలో ఆ ఎరిక పోయిన తీరు చూడాలి. 1960ల చివర న్యూజెర్సీలో ఆపిల్ పళ్ళలో బ్లేడు ముక్కలు దొరుకుతున్నాయని గోల లేచింది. ఆ రాష్ట్రం 1968లో దానికోసం చట్టమే చేసింది. 1970 అక్టోబరు 28న న్యూయార్క్ టైమ్స్, పండగ తాయిలాలతో పిల్లలకి ముప్పు రావచ్చని హెచ్చరిస్తూ రాసింది. 1974లో టెక్సస్‌లో ఒక పిల్లవాడు సైనైడ్ కలిపిన తీపి పొడి తిని చనిపోయాడు. ఆ విషం పెట్టింది బీమా డబ్బు కోసం కన్నతండ్రేనని కోర్టులో తేలింది. పదేళ్ళకి అతనికి మరణశిక్ష అమలైంది. 1982లో షికాగో ప్రాంతంలో సైనైడ్ కలిపిన టైలెనాల్ మాత్రలు మింగి ఏడుగురు చనిపోయారు. అది హాలోవీన్‌కి కొద్ది వారాల ముందే. దేశం బెదిరిపోయింది. కొన్ని ఆసుపత్రులు పిల్లల మిఠాయిలని ఉచితంగా ఎక్స్‌రే తీశాయి.

1985లో జోయెల్ బెస్ట్, జెరాల్డ్ హొరియూచి అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1958 నుంచి వచ్చిన పత్రికా వార్తలని తవ్వి చూశారు. మొత్తం 76 ఆరోపణలు. ముక్కూముఖం తెలియనివాడు పెట్టిన తాయిలం తిని పిల్లలు చనిపోయిన ఘటన ఒక్కటీ రుజువు కాలేదు. చాలామట్టుకు ఆకతాయి పనులూ కట్టుకథలూ. ఆశ్చర్యమేమిటంటే, టెక్సస్‌లో విషం పెట్టింది కంపెనీ చేసి మూసిన గొట్టంలోనే. షికాగోలో కూడా అది దుకాణంలో కొన్న సీసాల్లోనే ఉంది. తప్పు జరిగింది కొన్న సరుకులో, శిక్ష పడింది వంటింటికి. ఎందుకంటే పొట్లం మీద పేరుంటుంది, నిలదియ్యడానికి ఒక కంపెనీ ఉంటుంది. పక్కింటావిడ పేరు మాత్రం అప్పటికే ఎవరికీ తెలియకుండా పోయింది. కొత్త కాలనీలకి జనం వస్తూ పోతూ ఉన్నారు, ఆడవాళ్ళు ఉద్యోగాల్లో చేరారు, పాకం పట్టే తీరిక తగ్గింది. మిఠాయి కంపెనీలు చిటికెన వేలంత బార్లు సంచుల్లో నింపి అందించాయి. భయం, తీరిక లేకపోవడం, చవక ఈ మూడూ ఒక్కచోట కలిశాయి.

అలంకారానికి ఈ పరీక్ష రాలేదు. దాన్నెవరూ తినరు కాబట్టి ఎవరినీ నమ్మే పని లేదు. అందుకే కాగితం నిలిచి, పాకం ఓడిపోయింది.

ఇప్పుడు వేరుశనగ, బాదం పడని పిల్లలు ఎక్కువ కనిపిస్తున్నారు. టెన్నెసీలో మొదలైన ఒక ఆలోచన 2014 నుంచి దేశమంతా పాకింది. ఇంటిముందు నీలీ ఆకుపచ్చా కలిసిన రంగు గుమ్మడికాయ పెడితే, ఆ ఇంట్లో తిండి బదులు బొమ్మలూ స్టిక్కర్లూ ఇస్తారని గుర్తు. ఇందులో అర్థముంది. పడనిది తింటే ప్రాణం మీదికొచ్చే పిల్లలు నిజంగా ఉన్నారు. ఎక్కడో ఉన్నాడని అనుమానించిన బ్లేడు రాక్షసుడు మాత్రం లేడు. ఈ రెండు భయాలనీ ఒకే గాట కట్టకూడదు.

ఇంటి తాయిలం మళ్ళీ కావాలనుకునే తల్లులు నన్నడిగితే రెండు ముక్కలు చెప్తాను. వీధంతటికీ పంచాలని చూడకండి, ఆ రోజులు పోయాయి. ఐరిష్ వాళ్ళలా, బోగీ బుక్ కాలంవాళ్ళలా మీ ఇంటికే పిలవండి. అమ్మానాన్నలతో సహా పిలిచి, వాళ్ళ ఎదుటే పాకం పట్టండి, అందులో ఏమేం వేశారో చెప్పండి, పిల్లల చేతికి వెన్న రాసి ఉండలు వాళ్ళ చేతే చుట్టించండి. పాకం చల్లారేదాకా పెద్దవాళ్ళు గిన్నె దగ్గరే ఉండాలి. కాగితపు గబ్బిలాలకి కొవ్వొత్తి దూరంగా పెట్టండి, క్రేప్ కాగితం ఇట్టే అంటుకుంటుంది. పక్కింటివాళ్ళ పేర్లు తెలియకపోతే అసలు పని అక్కణ్ణించి మొదలుపెట్టాలి. పాకం పట్టడం దానికన్నా సులువు.