చేసిన పని కాగితం మీదికి ఎక్కాలి: ఏపీఏఆర్ గురించి మన ఉద్యోగులు తెలుసుకోవలసిన విషయాలు

షోలాపూర్, బరంపురం, హుబ్బళ్ళి, పెరంబూరు, యానాం, ఎక్కడ చూసినా మన తెలుగు ఇళ్లలో రైల్వేలోనో, తపాలాలోనో, మరో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలోనో పనిచేసేవారు కనిపిస్తారు. ఒళ్లు దాచుకోకుండా పని చేస్తారని మనవాళ్లకు మంచి పేరుంది. చేసిన పని గురించి నోరు విప్పరన్న పేరు కూడా ఉంది. సొంత డబ్బా కొట్టుకోకూడదని పెద్దలు నేర్పిన మర్యాద మంచిదే. అయితే ఏడాదికి ఒకసారి ఆఫీసే మనల్ని ‘ఏం చేశారో రాయండి’ అని అడుగుతుంది. ఆ ఫారంలో రాసుకోవడం గొప్పలు చెప్పుకోవడం కిందకు రాదు, అదీ ఉద్యోగంలో భాగమే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ ఆఫీసే అడుగుతున్నప్పుడు మనం ఊరుకుంటే ఎలా?

ఏపీఏఆర్ అంటే

పూర్వం సీఆర్ అని పిలిచిన రహస్య నివేదికే ఇప్పుడు వార్షిక పనితీరు మదింపు నివేదిక, అంటే ఏపీఏఆర్. ముందు ఉద్యోగి తన పని గురించి సెల్ఫ్ అప్రైజల్ రాస్తారు. దాని మీద రిపోర్టింగ్ ఆఫీసరు అభిప్రాయం రాసి మార్కులు వేస్తారు. ఆ పైన రివ్యూయింగ్ ఆఫీసరు చూస్తారు.

సంఖ్యలతో గ్రేడు ఇచ్చే ఫారంలో మార్కులు పదికి వేస్తారు. 8 నుంచి 10 వస్తే ‘అవుట్‌స్టాండింగ్’, 6 నుంచి 8 లోపు ‘వెరీ గుడ్’, 4 నుంచి 6 లోపు ‘గుడ్’. ఇందులో చేసిన పనికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30 శాతం, వృత్తి సామర్థ్యానికి 30 శాతం విలువ ఉంటుంది. 9, 10 మార్కులు వేసే అధికారి అందుకు తగ్గ ప్రత్యేకమైన పనులను చూపించాలి. మనం వివరాలు రాయకపోతే, మన మీద మంచి అభిప్రాయం ఉన్న అధికారి కూడా ఆ మార్కు వేయడానికి వెనకాడతారు.

‘గుడ్’ వస్తే నష్టమేమిటి

చాలామంది ‘గుడ్’ అని చూసి మంచిదేగా అనుకుంటారు. ప్రమోషన్ లేకపోయినా 10, 20, 30 ఏళ్ల సర్వీసుకు జీతం పెంచే ఎంఏసీపీ పథకానికి ఏడవ వేతన సంఘం తరువాత ‘వెరీ గుడ్’ తప్పనిసరి చేశారు. ప్రమోషన్ కమిటీలు మామూలుగా గత ఐదేళ్ల నివేదికలు చూస్తాయి. అంటే ఈ ఏడాది బద్ధకించి రాసిన నాలుగు ముక్కలు నాలుగైదేళ్ల తరువాత జీతాన్ని, ఆపైన పింఛను లెక్కను కూడా తాకుతాయి.

దేవ్‌దత్ కేసు ఇలాంటిదే. ఆయన బోర్డర్ రోడ్స్ ఇంజనీరింగ్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. 1993-94 నివేదికలో ‘గుడ్’ అని రాశారు. పై పదవికి ‘వెరీ గుడ్’ ఉండాలి. చెడ్డ వ్యాఖ్య కాదు కదా అని ఆ సంగతి ఆయనకు తెలియజేయలేదు, ప్రమోషన్ రాలేదు. 2008 మే 12న సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని తీర్పు ఇచ్చింది. అప్పటికే ఆయన రిటైరయ్యారు. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాటను ఖాయం చేసింది. ఈలోగా 2009 మే 14న కేంద్రం ఉత్తర్వు ఇచ్చి, 2008-09 నుంచి పూర్తి నివేదికను ఉద్యోగికి చూపించే పద్ధతి పెట్టింది.

గుర్తుంచుకోవలసిన తేదీలు

కేంద్ర ఉత్తర్వుల ప్రకారం మామూలు వరుస ఇది:

మార్చి 31 నాటికి ఖాళీ ఫారాలు ఇవ్వాలి.
ఏప్రిల్ 15 లోపు ఉద్యోగి సెల్ఫ్ అప్రైజల్ ఇవ్వాలి.
జూన్ 30 లోపు రిపోర్టింగ్ ఆఫీసరు రాయాలి.
జులై 31 లోపు రివ్యూయింగ్ ఆఫీసరు చూడాలి.
ఆ తరువాత నివేదిక మన చేతికి వస్తుంది. అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి.

శాఖను బట్టి తేదీలు కొంత మారవచ్చు. ఏటా వచ్చే సర్క్యులరు చూసుకోండి. ఇప్పుడు చాలాచోట్ల ఇదంతా ‘స్పారో’ వంటి ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతోంది. గడువు దాటితే మన రాత లేకుండానే అధికారి నివేదిక రాసేయవచ్చు, ఆలస్యం చేశామన్న సంగతి కూడా అందులో రాయవచ్చు. 15 రోజుల్లో మనం పలకకపోతే అభ్యంతరం లేనట్టే లెక్క.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ఫారాలు, గడువులు వేరు. రాసే పద్ధతి మాత్రం అందరికీ పనికొస్తుంది.

ఎలా రాయాలి

‘అప్పగించిన పనులన్నీ సక్రమంగా చేశాను’ అని రాస్తే అధికారికి పట్టు దొరకదు. ఉదాహరణకు పింఛను సెక్షన్ గుమాస్తా ఇలా రాయవచ్చు: ‘ఏప్రిల్‌లో 60 కేసులు పెండింగ్ ఉన్నాయి. ఏడాదిలో కొత్తగా 140 వచ్చాయి. మార్చి చివరికి 12 మిగిలాయి. అవి ఇతర కార్యాలయాల నుంచి కాగితాలు రాక ఆగాయి.’ ఇందులో గొప్పలేమీ లేవు. లెక్క ఉంది, మిగిలినదానికి కారణం ఉంది.

పదిమంది కలిసి చేసిన పనిలో మన వంతు ఎంతో విడిగా చెప్పాలి. ‘మా సెక్షన్ రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించింది, అందులో ఫలానా ఏళ్ల ఫైళ్లు నేను చేశాను’ అంటే తోటివారికీ అన్యాయం జరగదు. లేనిది మాత్రం రాయకూడదు. మన రాతతో ఏకీభవిస్తున్నారో లేదో అధికారి రాయవలసి ఉంటుంది.

కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మాధ్యమాల్లో చదివిన మన పిల్లలు ఇంగ్లీషు వాక్యాలకు జంకి, పాత ఏడాది రాతనే మళ్లీ దింపేస్తుంటారు. చిన్న చిన్న వాక్యాలు చాలు. కేంద్ర కార్యాలయాల్లో హిందీలోనూ రాయవచ్చు.

ఏడాది పొడవునా చేయవలసినవి

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, శనివారం పూట ఆ వారం పూర్తయిన పనులు తేదీ, ఫైలు నంబరుతో రాసుకోండి. మార్చిలో కూర్చుని గుర్తు తెచ్చుకుంటే సగం పోతాయి.

నోటిమాటతో అదనపు పని అప్పగిస్తే, పూర్తయ్యాక అధికారికి రెండు వాక్యాల నోటు పెట్టండి. అధికారి బదిలీ అయినా కాగితం ఉంటుంది. మీ పనిని కనీసం మూడు నెలలు చూసినవారే నివేదిక రాయాలి. కాబట్టి ఏడాది మధ్యలో అధికారి మారితే, ఆ కాలానికి నివేదిక రాయించుకోవడం మరచిపోకండి.

పాసైన డిపార్టుమెంటల్ పరీక్షలు, శిక్షణలు సర్వీస్ బుక్కులో ఎక్కాయో లేదో చూసుకోండి. ఉద్యోగి దగ్గర ఉండే ప్రతిని ఏటా జనవరిలో ఆఫీసుకు ఇచ్చి, కొత్త వివరాలు రాయించుకోవాలని ఆర్థిక నియమాలే చెబుతున్నాయి.

గ్రేడు తగ్గితే కోపంతో రాయకండి. ఏ అంశంలో మార్కు తగ్గిందో చెప్పి, దానికి విరుద్ధంగా ఉన్న నోటు, లెక్క, మెచ్చుకోలు ఉత్తరం నకళ్లు జతచేయండి. అందినట్టు సంతకం తీసుకోండి.

ప్రతి ఊరి తెలుగు సంఘంలోనూ ఆఫీసుల్లో జీవితం గడిపి రిటైరైన మావంటివాళ్లు ఉంటారు. ఏప్రిల్ మొదటి వారంలో మీ చిత్తుప్రతి తెచ్చి చూపించండి. ఏ వాక్యం బలంగా లేదో చెబుతాం. పండక్కి పిలిచినప్పుడే కాదు, ఇలాంటి పనికి కూడా సంఘం గడప తొక్కవచ్చు.