ముకాదం నుంచి టికెట్టు ఏజెంటు దాకా: కార్డులో కట్టిన డబ్బు ఏ దారిన తిరిగొస్తుంది?

ఈసారి రాత కొంచెం పొడుగు. డబ్బు సంగతి గనుక ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఏజెంటు దగ్గర విమానం టికెట్టు కొని ప్రయాణం చెయ్యలేకపోతే, క్రెడిట్ కార్డులో కట్టిన డబ్బు ఎలా తిరిగొస్తుందని కొందరు సభ్యులు అడిగారు. జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ దాని వెనక మన పేట చరిత్ర ఉంది. అందుకని మొదటి నుంచి చెబుతాం.

కామాటిపుర అంటేనే కూలి చేసినవాళ్ళ పేట. నిజాం రాజ్యంలోని తెలుగు ఊళ్ళ నుంచి వచ్చిన కామాటీలు ఈ నగరానికి రాయి మోశారు, రోడ్డు వేశారు, ఇళ్ళు కట్టారు. పేటకు పేరు వాళ్ళతోనే వచ్చింది. తరవాత మగ్గం పని తెలిసిన మన పద్మశాలీలు బట్టల మిల్లుల్లో చేరారు. ఈ రెండు పనుల్లోనూ యజమాని మనకు నేరుగా కనపడలేదు. మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. కట్టడం పనిలో అతన్ని ముకాదం అన్నారు, మిల్లులో జాబర్ అన్నారు. పని ఇప్పించేది అతనే, తీసేసేది అతనే. అందుకు దస్తూరీ పుచ్చుకునేవాడు. 1931లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక ఈ జాబర్ పద్ధతిని తప్పుపట్టింది. 1935లో బొంబాయి మిల్లులు బదిలీ కూలీలకు కార్డు పద్ధతి పెట్టిన కారణాల్లో జాబర్ పెత్తనం తగ్గించడం ఒకటి.

అలాగని ముకాదం ఒట్టి చెడ్డవాడని మేము చెప్పడం లేదు. మన భాష తెలిసినవాడు, ఖోలీ చూపించినవాడు, అవసరానికి అప్పు ఇచ్చినవాడు కూడా అతనే. చిక్కు ఎక్కడంటే, మన కష్టానికి లెక్క అతని చేతిలోనే ఉండేది. మనకు కాగితం ఉండేది కాదు.

1970ల తరవాత కరీంనగర్, నిజామాబాద్ వైపు మనుషులు గల్ఫ్‌కు పోవడానికి బొంబాయి దారి పట్టారు. వీసా వచ్చేదాకా మన గల్లీల్లోనే తెలిసినవాళ్ళ గదుల్లో తలదాచుకున్నారు. 1983లో వచ్చిన వలసల చట్టం రిక్రూటింగు ఏజెంట్లకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేసింది. పని ఇప్పించే ఏజెంటు పక్కనే టికెట్టు ఏజెంటు కూడా పెరిగాడు. ముకాదం కుర్చీ ఖాళీగా లేదు, మనిషి మారాడు, అంతే.

క్రెడిట్ కార్డు మన దగ్గరకు ఆలస్యంగా వచ్చింది. మన దేశంలో బ్యాంకు ఇచ్చిన మొదటి కార్డు 1980లో సెంట్రల్ బ్యాంకుది. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే. చాల్‌లో పిల్లల చేతికి కార్డు రావడానికి మాత్రం ఇంకో తరం పట్టింది.

ఇక 2020. మార్చి 25న లాక్‌డౌన్. దేశంలో విమానాలు రెండు నెలలు ఆగి, మే 25న మళ్ళీ మొదలయ్యాయి. మనకు తెలిసిన ఒక కుటుంబం ఏప్రిల్‌లో నిజామాబాద్ వైపు పెళ్ళికని ఫిబ్రవరిలోనే హైదరాబాదుకు ఆరు టికెట్లు గల్లీ ఏజెంటు దగ్గర కొన్నది. నాలుగింటికి చిట్టీ పాడిన డబ్బు నగదుగా ఇచ్చారు. రెండింటికి కొడుకు కార్డు ఏజెంటు మెషీన్‌లో గీకారు. విమానం లేదు, పెళ్ళి వాయిదా, ఇంట్లో ఎవరికీ పని లేదు. ఏజెంటు షట్టరు దించి ఊరికి పోయాడు. ఆ నెలల్లో ఆ డబ్బంటే వాళ్ళకు బియ్యం, గది అద్దె. పైగా కార్డు బిల్లు మాత్రం నెలనెలా వస్తూనే ఉంది.

అబ్బాయి స్టేట్‌మెంటు మేము చూశాం. అందులో విమాన కంపెనీ పేరు లేదు, ఏజెంటు దుకాణం పేరుంది. అసలు కీలకం ఇదే. ఏజెంటు మీ కార్డు నంబరును కంపెనీ సైటులోనే వేసి టికెట్టు తీస్తే, రీఫండు నేరుగా మీ కార్డుకు వస్తుంది. మీ కార్డు తన మెషీన్‌లో గీకి, కంపెనీకి తన ఖాతా నుంచి కడితే, కంపెనీ లెక్కలో డబ్బు కట్టినవాడు ఏజెంటు. తిరిగొచ్చేదీ అతనికే. రైల్వే గుమాస్తాగిరీ చేసినవాళ్ళం గనుక మాకిది కొత్త కాదు. ఈ-టికెట్టు డబ్బు కట్టిన ఖాతాకే పోతుంది, టికెట్టు ఎవరి జేబులో ఉన్నా సరే.

ప్రవాసీ లీగల్ సెల్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఒకరు మన మెదక్ జిల్లావారు, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి గారు. లాక్‌డౌన్‌లో ప్రయాణానికి లాక్‌డౌన్‌లోనే కొన్న టికెట్టుకు పూర్తి డబ్బు వెంటనే ఇవ్వాలి, ఏజెంటు ద్వారా కొంటే ఏజెంటు దాన్ని వెంటనే ప్రయాణికుడికి అందించాలి అన్నారు. మన కుటుంబంలాగా ముందే కొన్నవాళ్ళకు 15 రోజుల్లో డబ్బు, కంపెనీ ఇబ్బందుల్లో ఉంటే 2021 మార్చి 31 దాకా వాడుకునే క్రెడిట్ షెల్. అప్పటికీ వాడకపోతే డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిరిగి పోవాలి. ఏజెంటు ద్వారా కొన్నవాళ్ళు ఆ షెల్‌ను అదే ఏజెంటు ద్వారా వాడుకోవాలి. చూశారా, సుప్రీంకోర్టు తీర్పులో కూడా మధ్యమనిషి తన చోట తాను ఉన్నాడు.

మేము ఏజెంటును వదిలి కంపెనీకే పీఎన్ఆర్ నంబర్లతో ఉత్తరం రాయించాం. విమానయాన డైరెక్టరేటు నియమం ప్రకారం ఏజెంటు కంపెనీ నియమించుకున్న ప్రతినిధి, రీఫండు బాధ్యత కంపెనీదే. 2016లో సవరించిన ఆ నియమంలో కంపెనీకి నేరుగా కార్డులో కడితే 7 రోజులు, ఏజెంటు ద్వారా అయితే 30 పనిదినాలు గడువు ఉండేది. కంపెనీ జవాబిచ్చింది. గడువు దాటాక డబ్బు ఏజెంటు ఖాతాలో వేసిన తేదీ, మొత్తం రాసి పంపింది. ఆ కాగితం చూపించాక ఏజెంటు కాదనలేకపోయాడు. కార్డు డబ్బు కార్డుకు వచ్చింది, నగదు రెండు వాయిదాల్లో వచ్చింది. అప్పటికి ఏడాది దాటింది.

ఇది ఒక్క గల్లీ కథ కాదు. పెద్ద ఆన్‌లైన్ ఏజెంట్ల దగ్గరా ఇలాగే ఇరుక్కుంది. 2021లో యాత్రా సంస్థ దగ్గర 36,276 బుకింగుల డబ్బు, 26 కోట్లకు పైగా, ఆగి ఉంది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ వెంటపడగా 2024 జూన్ నాటికి 4,837 బుకింగులకు, సుమారు రెండున్నర కోట్లకు దిగింది. మిగిలినవాళ్ళకు ఫోన్లు చేసి మరీ డబ్బు ఇవ్వమని ఆదేశించారు. నాలుగేళ్ళు!

కంపెనీయే మూతపడితే ఇంకా కష్టం. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్, 2023 మే 3న గో ఫస్ట్ ఆగిపోయాయి. అప్పుడు టికెట్టు కొన్నవాడు కూడా అప్పులవాళ్ళ వరసలో నిలబడాలి. అక్కడ కార్డుకున్న బలం నగదుకు లేదు. సేవ అందలేదని కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా చెబితే, బ్యాంకు ఆ డబ్బును వ్యాపారి బ్యాంకు నుంచి వెనక్కి అడుగుతుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డు నెట్‌వర్కుల గడువు సాధారణంగా 120 రోజులు, కాబట్టి ఏజెంటు మాటలు నమ్మి నెలలు గడపొద్దు. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఏజెంటు మీద, కంపెనీ మీద అయితే 1915 నంబరు ఉంది.

ఇంకొకటి. విమానం ఎగిరింది, మనమే పోలేకపోయాం అనుకోండి. టికెట్టు రీఫండు లేనిదైనా సరే, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయం రుసుములు తిరిగి ఇవ్వాల్సిందే. చాలామంది అడగరు, ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది.

మన తాతలకు ముకాదం ఇచ్చిన మాటే రసీదు. మనకు అంత లాచారీ లేదు. టికెట్టు కొన్న రోజే పీఎన్ఆర్, బిల్లు అడిగి తీసుకోండి. కార్డు స్టేట్‌మెంటులో ఎవరి పేరు పడిందో చూడండి. గల్ఫ్‌కు పోయే పిల్లలకు మరీ ముఖ్యంగా చెప్పండి, వాళ్ళ టికెట్టు అప్పు చేసి కొన్నది. మీ చాల్‌లో చదవలేని పెద్దలకు ఇది చదివి వినిపించండి. ఎవరి డబ్బయినా ఆగి ఉంటే, కాగితాలు పట్టుకుని సంఘం గదికి రండి, ఉత్తరం మేము రాసిపెడతాం.