నెర్రెలో కర్ర

రోహిణి కార్తె. పొద్దున ఎనిమిది కాలేదు, అప్పుడే కళ్ళు చికిలించుకోవాల్సి వస్తోంది. చిట్యాల దగ్గర విజయవాడ రహదారి దిగి, లారీల మోత వెనక సన్నబడేదాకా నడవండి. పత్తి చేలు అయిపోయాక రాతి కడీల వరస ఒకటి వస్తుంది. కాసేపు ఆ కడీలనే చూడండి. నిటారుగా పాతినవే. ఇప్పుడు ఒకటి తూర్పుకు వాలింది, దాని పక్కది పడమటికి. ఏ బండీ గుద్దలేదు, ఏ ఎద్దూ రాసుకోలేదు. కింద నేల కదిలింది.

కడీలు దాటితే బీడు. గొర్లు మేసే కంచ. మన తెలంగాణలో కంచ అంటే ముళ్ళ కంచె కాదు, పశువులకు వదిలిన మేత భూమి. నేను వెతుక్కుంటూ వచ్చింది దీని కోసమే. రేగడిని చేలల్లో ఎక్కడైనా చూడొచ్చు, కానీ నాగలి ఏటేటా దాని పైరూపాన్ని చెరిపేస్తుంది. తన మానాన తనను వదిలేస్తే ఈ నేల ఏం చేసుకుంటుందో చూడాలంటే ఇలాంటి మేత బీడే దిక్కు.

అడుగు పెట్టండి. చెప్పు కింద కరకరమంటూ కాస్త దిగుతుంది. పైన రెండు వేళ్ళ మందాన నేల జొన్న గింజలంత పలుకులై విడివిడిగా పడి ఉంది. ఎవరూ దున్నలేదు, గుంటక తోలలేదు. తడిసి ఆరి, తడిసి ఆరి తనే ఇలా పొడి అయింది. ఆ పలుకుల మధ్య నుంచి నల్లగా నెర్రెలు. అరచేయి పట్టేంత వెడల్పు కొన్ని, వేలు దూరేంత కొన్ని. ఒక నెర్రె పోయి ఇంకో నెర్రెలో కలుస్తుంది. నేలంతా పెద్ద పెద్ద పెళ్ళలుగా విడిపోయి ఉంది. మోకాళ్ళ మీద కూచుని చేయి లోపలికి పెట్టండి. మోచేయి దాకా పోతుంది, వేళ్ళకు అడుగు తగలదు. పైన మన్ను చురుక్కుమంటుంటే, లోపల చల్లగా, కాస్త తడిగా కూడా ఉంటుంది.

పక్కన దొరికిన తుమ్మ కర్ర ఒకటి నెర్రెలోకి జారవిడిచాను. రెండు అడుగులకు కాస్త తక్కువ లోతున ఆగింది. పైకి జానెడు మిగిలింది.

"ఏం జూస్తున్నవ్ సారూ, నెర్రెలల్ల?"

తుమ్మ నీడలోంచి గొంగడి భుజాన వేసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. వెనక నలభై దాకా గొర్లు. గొయ్యి తవ్వుదామనుకుంటున్నాను తాతా అన్నాను. ఆయన గడ్డపారను చూసి తల అడ్డంగా ఊపాడు. "నడ్మల పొడిస్తే దిగది. నెర్రె అంచుకు పొడువు, పెళ్ళ దానంతట అదే ఊడొస్తది."

ఆయన చెప్పినట్టే చేశాం. గడ్డపారను నెర్రెలో పెట్టి పక్కకు ఒత్తితే పెళ్ళ కదిలి నిలువు స్తంభంలా విడిపోయింది. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి నడుం లోతు గొయ్యి తయారైంది. దిగండి. ఉత్తరం గోడ ఎండ పడని వైపు ఉంది, రంగు అక్కడ నిజంగా తెలుస్తుంది.

మట్టి శాస్త్రజ్ఞులు రంగుకు మన్సెల్ రంగుల పుస్తకం పట్టుకు తిరుగుతారు. ఈ మట్టి బెడ్డను ఆ అట్టల రంధ్రాల కింద పెట్టి పోల్చితే 10 వై.ఆర్. 3/1 దగ్గర ఆగుతుంది: బాగా ముదురు బూడిద రంగు. ఈ నలుపు చూసి చాలామంది సత్తువ ఎక్కువనుకుంటారు. నిజానికి ఇలాంటి నేలల్లో సేంద్రియ కర్బనం తరచు ఒక శాతం కూడా ఉండదు. ఉన్న ఆ కాస్త జీవపదార్థం బంకమట్టి రేణువులకు విడదీయరానంత గట్టిగా అంటుకుని నేలనంతా నల్లగా చూపిస్తుంది.

ఇప్పుడు చిటికెడు మన్ను తీసుకుని నీళ్ళు చల్లి పిసకండి. ముందు మొండికేస్తుంది, తర్వాత వేళ్ళకు పట్టుకుని వదలదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ తోస్తే పట్టీలా సాగుతుంది, తెగకుండా చూపుడువేలి పొడవు దాటుతుంది. ఇసుక మట్టి పట్టీ కాదు, రాలిపోతుంది. ప్రయోగశాలకు పోకముందే బంక పాలు ఎంతో చెప్పే తూకం మన వేళ్ళలోనే ఉంది.

గోడ మీద కింది నుంచి పైకి చూడండి. అడుగున మొరం, అంటే చివికిన గ్రానైటు. దాని పైన నల్లమట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు, శనగ గింజ నుంచి రేగిపండు దాకా. ఒకదాని మీద పలచటి ఆమ్లం చుక్క వేస్తే బుస్సున పొంగుతుంది. ఇంకాస్త పైన, మోకాలి ఎత్తున, ఈ రోజంతటికీ విలువైనది ఉంది. చాకు మొన పెట్టి పెళ్ళను మెల్లగా ఊడదీయండి. ఏటవాలుగా విడిపోయింది చూశారా? ఆ ముఖం మీద వేలు పెట్టండి. నూనె రాసినట్టు నునుపు. వెలుతురు వైపు తిప్పితే మెరుస్తుంది, మెరుపులో సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. ఒక మట్టి పెళ్ళ ఇంకో మట్టి పెళ్ళ మీద జారిన జాడలివి. మట్టి శాస్త్రంలో వీటిని స్లికెన్‌సైడ్స్ అంటారు. నాకు మాత్రం ఇవి రోలు లోపలి అరుగుదలలా కనిపించాయి.

ఎందుకు జారింది? ఈ బంకలో ఎక్కువ భాగం స్మెక్టైట్ జాతి ఖనిజాలు, వాటిలో ముఖ్యమైనది మాంట్‌మోరిల్లొనైట్. ఫ్రాన్స్‌లోని మాంట్‌మోరిల్లాన్ అనే ఊరి పేరే దానికి 1847లో పెట్టారు. ఇది పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు, మిల్లీమీటరులో పది లక్షో వంతు. పొరకూ పొరకూ మధ్య నీళ్ళు దూరితే ఎడం జరుగుతాయి, ఆరితే దగ్గరవుతాయి. ఒక్క పొర కదలిక కంటికి ఆనేది కాదు. కోటానుకోట్ల పొరలు ఒకేసారి కదిలితే కడీ వాలుతుంది. తడిసిన పెళ్ళకు పక్కకు పోయే చోటు లేదు, పక్క పెళ్ళ కూడా ఉబ్బుతోంది. అందుకే ఏటవాలుగా పైకి తోసుకుంటుంది, రాసుకుంటుంది, నున్నబడుతుంది. ఈ బీడు పైన చిన్న చిన్న ఎత్తుపల్లాలు లీలగా కనిపిస్తున్నాయి. ఆస్ట్రేలియా మేత మైదానాల్లో ఇవి స్పష్టంగా ఉంటాయి, అక్కడి ఆదివాసుల మాట తీసుకుని గిల్గాయ్ అంటారు. ఇక్కడివి అవేనని గట్టిగా చెప్పడానికి లేదు గానీ, తోపు మాత్రం అదే తోపు.

దీని మీద నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. సన్నగా జల్లించి ఎండబెట్టిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో వేసి, ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో నీళ్ళు పోసి ఒక రోజు ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉన్నంతే ఉంటుంది. నీళ్ళలోది ఉబ్బి మట్టం పెరుగుతుంది. ఆ తేడాయే ఆ మట్టి ఉబ్బుగుణం. రోడ్లు, ఇళ్ళు కట్టే ఇంజనీర్లకు భారత ప్రమాణాల సంస్థ చెప్పిన పరీక్షే ఇది. రహదారి పక్కన ప్లాట్లు కొనేవాళ్ళు ఒక్కసారి చేసి చూసుకుంటే గోడలు బీటలిచ్చాక బాధపడే పని తప్పుతుంది.

గొయ్యిలోంచి బయటికి రాకముందే ఈ నేలకు పేరు పెట్టేద్దాం. పేరు పెట్టే తీరే నాకు ఎక్కువ ఇష్టం. 1840లలో మద్రాసు సైన్యంలో పనిచేసిన కెప్టెన్ న్యూబోల్డ్ దక్కన్ భూగర్భం గురించి రాస్తూ ఈ నల్లమట్టిని రెగూర్ అన్నాడు. అది మన రేగడే. ఇంగ్లీషు నిఘంటువుల్లోకి, బడి భూగోళం పుస్తకాల్లోకి ఆ మాట అలాగే ఎక్కింది. 1950లో అమెరికా శాస్త్రజ్ఞులు ఓక్స్, థార్ప్ ఇలాంటి నేలలన్నిటినీ ఒకచోట చేర్చి గ్రుముసాల్ అన్నారు, పైన కనిపించే పలుకుల్ని బట్టి. 1960లో వచ్చిన కొత్త వర్గీకరణ దాన్ని వర్టిసాల్‌గా మార్చింది. లాటిన్‌లో వెర్టెరే అంటే తిప్పడం. ఇది ఏ రాయి నుంచి పుట్టింది, ఎంత నలుపు అని కాదు, ఏం చేస్తుంది అన్నదే ఆ పేరుకు ఆధారం. మూడు గుర్తులు కావాలి: పైనుంచి అర మీటరు దాకా కనీసం 30 శాతం బంక, ఏటా తెరుచుకుని మూసుకునే నెర్రెలు, మీటరు లోతు లోపల మొదలై కనీసం పాతిక సెంటీమీటర్ల మందాన ఆ మెరిసే జారుడు ముఖాలు. ఏడాదిలో మొత్తం తొంభై రోజులు, అంతకు మించి నెర్రెలు తెరిచి ఉంటే ఉస్టర్ట్. వర్గీకరణలో ఇంకా కిందికి పోతే హాప్లుస్టర్ట్. అమెరికా టెక్సాస్ గడ్డి మైదానాల నల్లమట్టి హ్యూస్టన్ బ్లాక్ కూడా హాప్లుస్టర్టే. మూసీ పరివాహకంలోని ఈ కంచకు అంత దూరాన చుట్టం ఉందన్నమాట.

పైమన్ను నెర్రెల్లో రాలి, అడుగుమన్ను పైకి వచ్చి నేల మొత్తం తిరగబడుతుందని మొదట్లో అనుకున్నారు. పూర్తిగా అలా జరగదు. లోతుకు పోయేకొద్దీ మట్టిలోని కర్బనం వయసు పెరుగుతున్నట్టు రేడియోకార్బన్ కొలతలు చూపాయి. అంతా కలిసిపోయి ఉంటే అలా ఉండేది కాదు. రాలడం కొంత, జారడం ఎక్కువ.

గొయ్యి గట్టెక్కి ఎత్తు వైపు ఓ మూడు వందల అడుగులు నడవండి. నల్లటి మన్ను పలచబడి బూడిదబారుతుంది. ఇక్కడ నెర్రెలున్నా లోతు చాలదు, మొరం త్వరగా తగులుతుంది. ఇక్కడి నేలకు వర్టిసాల్ పేరు దక్కదు, 'వర్టిక్' అనే విశేషణం మిగులుతుంది. ఇంకాస్త ఎక్కితే తంగేడు పొదలు, ఎర్రటి చెల్క, గరుకు మన్ను. నల్లరేగడి అంటే అగ్నిపర్వతపు నల్లరాయి నుంచే వస్తుందని చదువుకున్నాం. ఆ రాయి పడమట వికారాబాద్, జహీరాబాద్ వైపే. ఇక్కడ కిందంతా గ్రానైటు. గ్రానైటు గుట్ట నుంచి వానలు వేల ఏళ్ళుగా కరిగించి మోసుకొచ్చిన సున్నం, మెగ్నీషియం, సిలికా పల్లంలో ఆగి, అక్కడే బంకగా మారాయి. పైన మిగిలిన ఇనుము చెల్కను ఎర్రబరిచింది. ఒకే రాయి కన్న ఇద్దరు బిడ్డలు ఇవి.

"నీకు ఎర్రది మంచిదా, నల్లదా తాతా?"

"ఏ యాళకు ఏది మంచిదో అదే మంచిది." గొర్రెను ఒకదాన్ని చంకలో ఇరికించుకుని దాని గిట్ట చూపించాడు. "వానకాలం ఈడికి తోల్కరాను. మన్ను గిట్టలకు ముద్దలు గడ్తది. పది అడుగులకు గొర్రె నిలవడ్తది. మిరుగంల చెల్క మీద మేపుతం. బతుకమ్మ పోయినంక ఈడికొస్తం."

ఆయన చెప్పింది నీటి లెక్కే. తొలకరికి చిన్న జల్లు పడితే చెల్క ఆ తడిని వెంటనే గడ్డి వేళ్ళకు ఇచ్చేస్తుంది, నాలుగు రోజుల్లో పచ్చబడుతుంది. రేగడి అదే జల్లును తన పొరల్లో బిగబట్టుకుంటుంది. నేల తడిగానే ఉంటుంది, వేరుకు మాత్రం అందదు. పెద్ద వానలు పడి కడుపు నిండాకే గడ్డికి వదులుతుంది. ఆ తర్వాత మాత్రం చెల్క ఎండినా ఇది పచ్చగా ఉంటుంది. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌లో రెండు నేలలూ ఒకే ఆవరణలో ఉన్నాయి, అక్కడ కొలిచారు కూడా. పొడి రేగడి మొదట గంటకు డెబ్బై మిల్లీమీటర్లకు పైగా నీటిని తాగింది. నెర్రెలు మూసుకుని నిండా తడిశాక అది గంటకు సుమారు 0.2 మిల్లీమీటర్లకు పడిపోయింది. తలుపులన్నీ బార్లా తెరవడం, తర్వాత గడియ వేయడం.

గడ్డి కూడా ఈ తేడాను పాటిస్తుంది. 1973లో దబాడ్‌ఘావ్, శంకర్‌నారాయణ్ దేశపు గడ్డి భూములను వర్గీకరించినప్పుడు దక్షిణాపథాన్ని సెహిమా–డైకాంథియం ప్రాంతమన్నారు. సెహిమా గులకరాళ్ళ వాలులది, డైకాంథియం లోతైన నల్లమట్టి పల్లాలది. అన్ని పశువులూ ఒకేచోట తొక్కితే రెండూ పోయి సర్కారు తుమ్మ లాంటివే మిగులుతాయి.

ఒక మాట కోపంగానే చెప్తున్నాను. ఇలాంటి చోటును సాగుకు పనికిరాని భూమి అని రాసుకోవడం తప్పు. పని చేస్తూనే ఉన్న భూమి ఇది. ఇలాంటి బీళ్ళను ఒక్కసారి ట్రాక్టరుతో దున్నితే ఆ పైరూపం మళ్ళీ ఎన్నేళ్ళకు తయారవుతుంది?

గొయ్యి పూడ్చేశాం. కర్రను మాత్రం నెర్రెలో అలాగే వదిలేశాను.

మళ్ళీ వెళ్ళింది కార్తీకంలో. కడీలు అలాగే వాలి ఉన్నాయి. బీడు మోకాలెత్తు గడ్డితో పచ్చగా ఉంది, గొర్ల వీపులు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. నెర్రె ఏదీ లేదు, ఉన్నట్టు గుర్తు కూడా లేదు. గడ్డి తప్పించి వెతికితే నా తుమ్మ కర్ర కనిపించింది. నిటారుగా, జానెడు పైకి. పట్టుకుని లాగాను. కదల్లేదు. రెండు చేతులా లాగాను. పెద్దాయన దూరం నుంచే అరిచాడు.

"ఇప్పుడు రాదు సారూ. మల్ల రోహిణికి రా. అదే ఇడుస్తది."