గిల్డ్‌లతో కదిలిన వలస: ఎవర్‌క్వెస్ట్ నుంచి వార్‌క్రాఫ్ట్‌కు

ఆటగాళ్లు ఒక ఆన్‌లైన్ ఆటను వదిలి మరొకదానికి ఎందుకు వెళతారు? ‘విసుగు పుట్టి’ అన్న సమాధానం చరిత్ర విద్యార్థికి చాలదు. 1999 మార్చిలో అమెరికాలో విడుదలైన ఎవర్‌క్వెస్ట్‌ను చూడండి. వేలాది మంది ఒకే కల్పిత లోకంలో తిరిగే ఈ ఆటకు అప్పట్లో నెలనెలా చందా కట్టాల్సి వచ్చేది. పాత్ర చనిపోతే సంపాదించిన అనుభవంలో కొంత పోయేది. ఆయుధాలు, సామగ్రి శవం దగ్గరే ఉండిపోయేవి. వాటికోసం శత్రువులున్న చోటికే వట్టి చేతులతో తిరిగి వెళ్లాల్సి వచ్చేది. చాలా పాత్రలు ఒంటరిగా నెగ్గుకురాలేవు కనుక తోడు దొరికేదాకా కాచుకుని కూర్చునేవారు. ఇంత కష్టపెట్టే ఆటను ఏళ్ల తరబడి ఎందుకు ఆడారంటే, ఆ కష్టమే వారిని ఒకరితో ఒకరిని ముడివేసింది. శవం తెచ్చుకోవడానికి సాయపడినవాడిని ఎవరు మరచిపోతారు? ‘గిల్డ్’ అని పిలిచే ఆటగాళ్ల సంఘాలు ఇలాగే బలపడ్డాయి.

2004 నవంబరు 23న బ్లిజార్డ్ సంస్థ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను విడుదల చేసింది. దాని రూపకర్తలలో రాబ్ పార్డో, జెఫ్ కాప్లాన్ ఎవర్‌క్వెస్ట్‌లో గిల్డ్ నడిపినవారే. నొప్పి ఎక్కడుందో వారికి లోపలినుంచి తెలుసు. కొత్త ఆటలో చనిపోయినా అనుభవం పోదు. ఒంటరిగా అరగంట ఆడినా ఏదో ఒక పని పూర్తవుతుంది. ఉద్యోగం, సంసారం ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. 2010 నాటికి చందాదారులు 1.2 కోట్లకు చేరారు.

సౌకర్యమే కారణమైతే వలస ఒక్కొక్కరుగా సాగాలి. కానీ గిల్డ్‌లు గిల్డ్‌లుగానే కదిలాయి. ఏళ్ల శ్రమతో పెంచిన పాత్రను వెంట తీసుకుపోలేరు, తోటివారిని తీసుకుపోగలరు. నాయకుడు, మరికొందరు వెళ్లాక మిగిలినవారికి పదుల మంది కావలసిన రెయిడ్‌లకు మనుషులు చాలలేదు. ఆట మారలేదు, ఊరు ఖాళీ అయింది. అదే నెలలో మెరుగైన బొమ్మలతో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ 2 కూడా ఈ ప్రవాహాన్ని ఆపలేకపోయింది. నా దృష్టిలో సాంకేతికత కన్నా సాంగత్యమే ఇక్కడ బలమైన కారణం.

వలసకు ప్రభుత్వ నిర్ణయమూ కారణం కావచ్చు. 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఒకటి. చాలామంది ఫ్రీ ఫైర్, కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ వైపు మళ్లారు. 2021 జులైలో దాని భారతీయ రూపం వచ్చినప్పుడు పాత ఖాతాలోని సామగ్రిని బదిలీ చేసుకునే వీలు కల్పించారు. ఈలోగా వేరే ఆటలో జట్టు కుదిరినవారిని ఆ సామగ్రి ఎంతవరకు వెనక్కి లాగిందో మీ మిత్రులను అడిగి చూడండి.